ముప్ఫై ఒకటో గది

పుస్తకం బుధవారం వచ్చింది.
నలుగురం తలా ముప్ఫై అయిదు రియాళ్లు వేసుకున్నాం,
జమీల్ తన వాటాలో ఇంకా పది బాకీ.
అట్ట మీద ఇనుప తలుపు, దాని సందులోంచి పచ్చటి వెలుగు.
లోపల నలభై నేలమాళిగ గదులు.
మా పాత ఆటకి కొత్త పాతాళం.

దోహా ఇండస్ట్రియల్ ఏరియా, ముప్ఫై ఎనిమిదో వీధి.
గురువారం రాత్రి.
కింది మంచం పరుపు ఎత్తి గోడకు ఆనిస్తే
మిగిలిన ప్లైవుడ్ చెక్క మా రాజ్యం.
ఇరవై ముఖాల పాచిక చెక్క మీద మోగితే
పై మంచం టేక్ బహదూర్ తిడతాడు,
అందుకని నా లుంగీ మడిచి పరిచాం.

నేను స్టోర్ కీపర్ని. ఇంగ్లీషు చదవడం వచ్చు గనక
ఆట నడిపేదీ నేనే.
పొద్దంతా బోల్టులు లెక్కపెట్టిన నోటితో
రాత్రి రాక్షసులకు తెలుగు పేర్లు పెడతాను.
పెట్టెలా నటించి చేయి కొరికేది, కరిచే సందూకం.
నడవ నిండా పాకే జిగురు ముద్దకి
చాలాసేపు తడుముకుని
జున్ను దయ్యం అన్నాను.
ఏసుపాదానికి నవ్వు ఆగలేదు.
"మా నర్సాపురంలో అయితే బెల్లం తగలలేదని వంక పెడతామండీ దానికి."
కత్తి దూసి తినేశాడు కూడా. పాచిక పంతొమ్మిది పడింది.

తొమ్మిదో గదిలో ఒక తలుపు.
తాళంచెవి లోపలివాడి దగ్గర ఉండదు,
బయట ఇంకెవరో, వాడికి బుద్ధి పుట్టినప్పుడు తీయాలి.
పుస్తకం దాన్ని అన్నిటికన్నా కఠినమైన ఉచ్చుల్లో వేసింది.
ఎవరూ మాట్లాడలేదు.
జమీల్ మాత్రం, "ఇది ఒకటో తరగతి పాఠం కదప్పా," అని
బేకరీ నుంచి తెచ్చిన నిన్నటి బన్ను తుంచి నోట్లో వేసుకున్నాడు.

రాజం మొదట్నుంచీ గొణుగుతూనే ఉన్నాడు.
ఆటలో అతనిది మరుగుజ్జు వేషం, గొడ్డలి, ఎర్ర గడ్డం.
పగలు వాననీటి సొరంగం అడుగున పంపు మనిషి.
పటం మీద వేలు పెట్టి
"గీ బొమ్మ గీసినోడు ఎన్నడన్న నేల కిందికి దిగిండా?
గాలి ఎటు నుంచి వస్తది? ఊట నీళ్లు ఎటు పోతయి?
సముద్రం పక్కకే ఉన్నదంటివి.
ఒక్క రాత్రి పంపు బంద్ పెడితె
నీ రాక్షసులందరు తేలుతరు."

ముప్ఫై ఒకటో గదిలో నీళ్లు వచ్చాయి.
పుస్తకంలో ఉన్నదే. రాతి సింహం నోరు తెరుస్తుంది,
వంతు వంతుకీ మోకాలు, నడుము, మెడ.
ఏసుపాదం వేశాడు, నాలుగు. కొట్టుకుపోయాడు.
జమీల్‌కి మంత్రం గుర్తురాలేదు.
రాజం గొడ్డలి పక్కన పెట్టాడు.
"ఉరుకకుండ్రి. కాళ్లతోని చూడుండ్రి.
ఏ మూల పల్లముంటె ఆడ గుంత ఉంటది,
గుంతకు జల్లెడ ఉంటది, జల్లెడకు చెత్త తట్టుకుంటది.
చెయ్యి పెట్టి గుంజుత."
పాచిక వెయ్యి అన్నాను.
"ఎందుకు?"
నియమం అన్నాను.
"పదకొండేండ్లల్ల నేను ఎన్నడు
పాచిక వేసి నీళ్లు తోడలే."

పేజీలు తిప్పాను.
ఈతకు ఉంది. ఊపిరి బిగబట్టడానికి ఉంది.
చచ్చినవాడి మూట ఎవరికి చెందుతుందో అర పేజీ ఉంది.
జల్లెడ తీసే మనిషికి ఏమీ లేదు.
పై మంచం మీంచి తలకాయ ఒకటి వేలాడింది.
టేక్ బహదూర్, ఎప్పట్నుంచి వింటున్నాడో,
"పానీ గయా క్యా?"

పోయింది అన్నాను, పుస్తకం మూసి.
మెడ, నడుము, మోకాలు.
ఏసుపాదం తడిసిన కోడిలా బతికి వచ్చాడు.

రాజం నా చెవి మీది పెన్సిల్ లాక్కుని
కొత్త పటం మీద, నాకు ప్రాణం గిలగిల్లాడుతుండగా,
ముప్ఫై ఒకటో గది మూలకి ఒక గుంత గీశాడు.
పక్కన పంపు.
పంపు పక్కన చిన్న స్టూలు.
స్టూలు ఎవరికండీ అంటే
"రాత్రి డ్యూటీవానికి," అన్నాడు,
మూడో కాలు సరిచేస్తూ.